బొచ్చు రాలే కాలం

బావమరిది మౌళి మాట విన్న ప్రతిసారీ సుబ్రహ్మణ్యం ఇంట్లోంచి ఏదో ఒకటి బయటికి పోయింది. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో ఇది ఒక్కసారీ తప్పలేదు. బావమరిది ఒకసారి చిట్టీ తెచ్చాడు, అతని అక్క పుష్పవల్లి గాజులు పోయాయి. ఒకసారి పాత కారు తెచ్చాడు, కొత్త కుట్టుమిషను పోయింది. నలభై రోజుల కిందట కుక్కను తెచ్చాడు.

"నాలుగు రోజులు బావా. నాలుగంటే నాలుగే. షూటింగ్ అవగానే పట్టుకెళ్లి ఇచ్చేస్తాను" అన్నాడు.

ఆ కుక్క ఇప్పుడు ముందుగదిలో, ఇస్త్రీబల్ల పక్కన, ఒంటి మీద బొచ్చు లేకుండా నిలబడి ఉంది.

తల మాత్రం ఎప్పటిలాగే ఉంది. చెవుల దగ్గర ఒత్తుగా బంగారు రంగు. తోక చివర కుచ్చు. ఆ రెండింటికీ మధ్య లేత గులాబీ చర్మం, గొరిగే మిషను గట్టిగా నొక్కిన చోటల్లా చారలు. ఒకరి తల తెచ్చి ఇంకొకరి ఒంటికి అతికించినట్టుంది. జున్నూ అంటే చాలు పరుగెత్తుకొచ్చే కుక్క, ఇప్పుడు పిలిచినా గోడవైపే చూస్తోంది.

సుబ్రహ్మణ్యం భుజాన సంచి ఇంకా దించలేదు. నిన్నంతా శంకర్‌పల్లి అవతల ఔట్‌డోర్ షూటింగ్. పొద్దున్నే యూనిట్ బస్సు దిగి, ఫిల్మ్‌నగర్ కొండమెట్లు ఎక్కి, కాఫీ అడుగుదామని తలుపు తోశాడు. కాఫీ సంగతి మర్చిపోయాడు.

"ఎవరు చేశారిది?"

పుష్పవల్లి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో జల్లెడ. పిండి జల్లిస్తోందో, ఊరికే పట్టుకుందో తెలియదు.

"నేనే చేయించాను."

"ఎందుకు?"

"మీ కోసమే."

"నా కోసమా? నేనడిగానా, కుక్కను గొరిగించమని?"

"అడగలేదు. శనివారం రాత్రి అన్నం ముందు కూర్చుని, తినకుండా లేచారు. అది అడగడం కాదా?"

సుబ్రహ్మణ్యం సంచి దించి కింద పెట్టాడు.

శనివారం జరిగింది నిజమే. అతను కాస్ట్యూమర్. ఒక పెళ్లిపాట కోసం పదహారు నల్ల వెల్వెట్ కోట్లు ఈ గదిలోనే కుట్టాడు. సెట్టులో లైట్లు వేసేసరికి కోట్ల మీద ఒక్కో వెంట్రుకా రాగితీగలా మెరిసింది. కెమెరామన్ లైట్లార్పించాడు. "ఏవండీ, డాన్సర్లకి కుట్టారా, డాన్సర్ల కుక్కలకి కుట్టారా?" అన్నాడు. అందరూ నవ్వారు. ముప్పై ఏళ్ల సర్వీసులో సుబ్రహ్మణ్యాన్ని చూసి సెట్టు మొత్తం నవ్వడం అదే మొదటిసారి. బుధవారం సాయంత్రానికి శుభ్రం చేసి తెస్తే సరి, లేకపోతే పని ఇంకొకరికి అని చెప్పి కోట్లు తిరిగి పంపించేశారు.

అరచేతికి బ్రౌన్ టేపు జిగురు పైకి వచ్చేలా చుట్టుకుని అద్దాడు. రబ్బరు చేతితొడుగు తడిపి నిమిరాడు. స్పాంజితో తుడిచాడు. పైన ఉన్నవి పోయాయి. కుట్టులో పడినవి పోలేదు. బాబిన్‌లో దారంతోపాటు చుట్టుకుని, సూదితోపాటు దిగి, కాలరు లోపల కూర్చున్న వెంట్రుకను లాగితే కుట్టు ఊడుతోంది. ఒక్కో కోటూ విప్పి మళ్లీ కుట్టాల్సిందే.

అయినా ఆ కోట్లు వేరు, ఈ కుక్క వేరు.

"పుష్పా, ఇది వీధికుక్క కాదే. నీకు తెలీదా ఇది ఎవరిదో?"

"తెలుసు."

"తెలిసే చేయించావా?"

ఆమె జల్లెడను అటు తిప్పింది, ఇటు తిప్పింది.

జున్ను జూబిలీహిల్స్‌లో ఉండే ఫైనాన్షియర్ చంద్రశేఖర్ గారి భార్య త్రిపురసుందరి గారిది. మౌళి నిర్మాత అవతారమెత్తి తీస్తున్న సినిమాలో ముప్పావు వంతు నటించేసింది. మిగిలింది రెండు రోజుల పని, ఎల్లుండి గురువారం మొదలు. సినిమాకు డబ్బు పెట్టింది చంద్రశేఖర్ గారు. ఆ డబ్బుకు హామీగా నిలబడింది షేక్‌పేటలో సుబ్రహ్మణ్యం స్థలం. సినిమా పూర్తయితే స్థలం జోలికి ఎవరూ రారు. ఆగిపోతే ఆయన తీసుకుంటాడు. రెండు నెలల కింద తన తరఫున సంతకం చేసే హక్కును మౌళి పేరున రాసిచ్చినప్పుడు, సుబ్రహ్మణ్యానికి అర్థమైంది అంతే.

ఇరవై రెండేళ్ల కింద కొన్న నూట ముప్పై రెండున్నర గజాల స్థలం. వెనక రాళ్లగుట్ట, ముందు సందు. అక్కడో గది కట్టి, బయట తన పేరున బోర్డు పెట్టి, ఇంకొకరి అద్దెగదిలో మిషను తొక్కే బాధ వదిలించుకోవాలని అతని ఆశ. ఆదివారం వీలు చిక్కితే వెళ్లి పిచ్చిమొక్కలు పీకి వస్తాడు. అది తప్ప అతనికి ఇంకేమీ లేదు.

ముప్పావు సినిమాలో బొచ్చుతో కనిపించిన కుక్క, మిగతా పావులో బొచ్చు లేకుండా కనిపిస్తే ఏమవుతుంది? హీరో చొక్కా గుండీ ఒకటి మారితేనే షాట్ మళ్లీ తీయిస్తారు. ఎప్పుడూ ఇతరుల గుండీలు కాపాడిన మనిషి ఇంట్లోనే ఇలా జరగాలా?

"పెరుగుతుంది లెండి. జుట్టేగా" అంది పుష్పవల్లి.

"పెరగదు." లోపలి గదిలోంచి కూతురు పూజిత వచ్చింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. చేతిలో కుక్కను దువ్వే ఇనుప దువ్వెన. "మామూలు జుట్టు కాదమ్మా అది. రెండు పొరలుంటుంది. పైన పొడుగ్గా, లోపల దూదిలా. ఎండాకాలం వెళ్లేముందు లోపలిది రాలుతుంది. రోజూ దువ్వితే దువ్వెనలోకి వస్తుంది, దువ్వకపోతే ఇంట్లోకి వస్తుంది. గొరిగిస్తే రెండూ సమంగా పెరగవు. మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఏడాది పడుతుంది."

"మరి దువ్వొచ్చుగా నువ్వు?" అంది తల్లి.

"పదిహేను రోజులు దువ్వాను. తర్వాత పరీక్షలు. నువ్వు దువ్వావా? నాన్న దువ్వారా? తెచ్చిన మావయ్య ఒక్కరోజైనా దువ్వాడా?"

జున్ను మెల్లగా కూర్చుంది. చల్లటి గచ్చు ఒంటికి తగిలిందేమో, వెంటనే లేచి నిలబడింది.

పూజిత లోపలికి వెళ్లి పాత బనియను తెచ్చి దాని మీద కప్పింది.

*

తొమ్మిది దాటాక మౌళి వచ్చాడు. వస్తూ వస్తూనే, ఇంకా మెట్ల మీద ఉండగానే మొదలుపెట్టాడు.

"అయిపోయింది బావా! నా సినిమా అయిపోయింది! నన్ను నిలువునా ముంచేశారు కదా!"

సుబ్రహ్మణ్యం కత్తెరతో కోటు కుట్టు విప్పుతున్నాడు. తల ఎత్తాడు. మౌళి ఇంకా గుమ్మం దాటలేదు. కుక్క గది మూలన ఉంది. అక్కడి నుంచి కనిపించదు.

"నీకెవరు చెప్పారు?"

"ఏంటి?"

"కుక్క సంగతి. నువ్వింకా చూడలేదుగా. ఎవరు చెప్పారు?"

మౌళి గుమ్మంలో ఆగాడు. నలభై నాలుగేళ్ల మనిషి. నలగని తెల్ల లినెన్ చొక్కా, చంకలో నీలం ఫైలు. అక్క వైపు ఒక్కసారి చూశాడు.

"అక్క ఫోన్ చేసింది" అన్నాడు.

"నేను చెయ్యలేదు" అంది పుష్పవల్లి. అని, వెంటనే నాలుక కరుచుకున్నట్టు ఆగింది. "చేశానేమో. గుర్తు లేదు."

"నిన్న జరిగింది పొద్దున్నకే గుర్తు లేదా?" అన్నాడు సుబ్రహ్మణ్యం.

"ఇప్పుడు ఫోన్ ఎవరు చేశారన్నదా ముఖ్యం?" మౌళి లోపలికి వచ్చి జున్నును చూశాడు. రెండు చేతులతో తల పట్టుకున్నాడు. బాగా పట్టుకున్నాడు. సెట్టులో అలా పట్టుకుంటే ఒకే టేకులో ఓకే చేస్తారు. "త్రిపురసుందరి మేడమ్‌కి నేనేం చెప్పాలి? మా అక్కావాళ్లింట్లో మీ కుక్కకి గుండు కొట్టించారని చెప్పాలా?"

"ఆవిడింట్లో ఎందుకు ఉంచుకోలేదు మరి?" పూజిత అడిగింది. "నాలుగు రోజులన్నావ్. నలభై అయ్యాయి."

"షూటింగ్ లేటయింది."

"షూటింగ్ లేటయితే కుక్క వాళ్లింట్లో ఉండొచ్చుగా. ఇక్కణ్ణుంచి వాళ్లిల్లు రెండు కిలోమీటర్లు."

"వాళ్లింట్లో తెల్ల సోఫాలే పూజితా! బొచ్చు రాలే కాలం. ఆవిడకి పడదు."

సుబ్రహ్మణ్యం కత్తెర పక్కన పెట్టాడు. "ఏంటీ? తెల్ల సోఫాల మీద పడకూడదని తెచ్చి, నల్ల వెల్వెట్ కుట్టే ఇంట్లో వదిలావా?"

"అలా కాదు బావా..."

"మరెలా?"

"పెద్దవాళ్లు. అడిగారు. కాదనలేకపోయాను. నువ్వయితే సొంత మనిషివి."

సొంత మనిషి. ఆ మాట వింటే సుబ్రహ్మణ్యానికి ఒళ్లు మండుతుంది. సొంతవాడన్న పేరు మీదే గాజులు పోయాయి, మిషను పోయింది. పరాయివాడైతే తలుపు మూసేవాడు.

మౌళి ఫైలును తెచ్చి ఇస్త్రీబల్ల మీద, పరిచి ఉన్న నల్లకోటు మీదే పెట్టాడు. గొంతు తగ్గించాడు.

"చూడు బావా. పోట్లాడి లాభం లేదు. గురువారం షూటింగ్ లేదు. హీరో డేట్లు మళ్లీ దొరకవు. పొద్దున చంద్రశేఖర్ గారితో మాట్లాడాను. కాళ్లావేళ్లా పడ్డాను. ఆయనకిక సినిమా వద్దట. స్థలం తీసుకుంటానంటున్నాడు. ఒరిజినల్ కాగితాలు మధ్యాహ్నంలోగా ఇచ్చేస్తే గొడవ ఉండదు. లేకపోతే కేసు. కేసులో నువ్వూ ఉంటావు, అక్కా ఉంటుంది. కుక్కను గొరిగించింది అక్కే కదా."

"పొద్దునా?"

"ఆఁ. పొద్దున ఏడింటికి."

"ఇంత తొందరగానా?"

"డబ్బున్నవాళ్లు తొందరగానే తేలుస్తారు బావా."

పుష్పవల్లి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది. తమ్ముణ్ణి చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. ఏదో అడగాలని, అడిగితే ఏం తేలుతుందోనని భయపడుతున్నట్టుంది. సుబ్రహ్మణ్యం అది చూశాడు. అర్థం చేసుకోలేకపోయాడు.

ఈ పొద్దున్న నుంచీ అతనికి ఏదీ అర్థం కావడం లేదు. చేసింది తనేనని భార్య వెంటనే ఒప్పుకుంది. చూడకుండానే బావమరిది ఏడ్చాడు. అడగకుండానే చంద్రశేఖర్ గారు తేల్చేశారు. బస్సులో నిద్రలేక బుర్ర మొద్దుబారిందో, ఏడో తరగతితో బడి మానినవాడికి అందని విషయమేదైనా ఇందులో ఉందో?

అతని చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. కోటు చేతి మీద ఒక వెంట్రుక కనిపించింది. తీశాడు. ఇంకొకటి. తీశాడు. తీస్తూనే ఒక్కసారి ఆగాడు.

"గొరిగిన బొచ్చు ఎక్కడుంది?"

"ఏంటండీ?" అంది పుష్పవల్లి.

"అంత కుక్క మీద ఉన్న బొచ్చు. బుట్టెడుంటుంది. ఏం చేశారు?"

"బాలమణి పట్టుకెళ్లింది."

"బాలమణా గొరిగింది?"

"ఆమె దగ్గరేగా మిషనుంది."

పక్కసందులో ఉండే బాలమణి సినిమాల్లో హెయిర్‌డ్రెస్సర్. ఎవరి జుట్టయినా పారేయదు. రంగు, పొడుగు చూసి మూట కట్టుకుంటుంది. సుబ్రహ్మణ్యం లేచాడు. అంతవరకూ వంగిన నడుము నిటారుగా అయింది.

"పూజితా, బాలమణత్తను పిలుచుకురా. బొచ్చు మూటతో సహా రమ్మను."

"ఎందుకు బావా?" అన్నాడు మౌళి.

"కోతికి కోటు కుట్టాను. ఏనుగుకి బొంత కుట్టాను. కుక్కకి బొచ్చు కుట్టలేనా?"

*

బాలమణి బియ్యం సంచితో వచ్చింది. యాభై దాటిన మనిషి. నడుముకు చీర కొంగు బిగించి, నోట్లో రెండు స్లైడులు పెట్టుకుని ఉంది. వాటిని తీసి జడలో గుచ్చుకుంది.

"ఏందన్నా, గట్ల జూస్తున్నవ్? నా తప్పు లేదు. వదినె చెయ్యమంటేనే చేసిన."

"తప్పు మాట తర్వాత. సన్న నెట్టు మీద ఈ వెంట్రుకలు ముడేస్తే నిలుస్తాయా?"

బాలమణి సంచి మూతి విప్పి లోపల చెయ్యి పెట్టింది. గుప్పెడు బయటికి తీసి వెలుతురుకు పట్టింది. బంగారు రంగు గదిలోకి ఎగిరింది. సుబ్రహ్మణ్యం చప్పున కోటు మీద దుప్పటి కప్పాడు.

"లోపలి దూది పనికిరాదు. పైన పొడుగు వెంట్రుక నిలుస్తది. హీరోయిన్‌కు సవరం కట్టినట్టే. గని ఒళ్లంత కట్టాల్నంటే నెల పడ్తది."

"గురువారం పొద్దుటికి కావాలి."

"పాగల్ అయినవా అన్నా?" అని, కుక్క చుట్టూ ఒకసారి తిరిగింది. మోకాళ్ల మీద కూర్చుని దాని వీపు నిమిరింది. జున్ను ఆమె చేతిని వాసన చూసి, కొంచెం వెనక్కి జరిగింది. "అయ్యో బిడ్డా, నన్ను గుర్తువట్టినవా? జర మాఫ్ చెయ్యి." లేచి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఒక పని జేద్దాం. ఒక్క దిక్కే కడదాం. కెమెరాకు కనవడే దిక్కు. రెండో దిక్కు బట్టతోని కుట్టు నువ్వు. పరుగుల ఎవ్వనికి కనవడ్తది? మా అక్కబిడ్డలను గూడ పిలుస్త. నలుగురం కూసుంటె అయితది."

సుబ్రహ్మణ్యానికి ఈ రోజు మొదటిసారి ఊపిరి ఆడింది. టేపు తీసి కుక్క మెడ నుంచి తోక దాకా కొలిచాడు. పొట్ట చుట్టూ కొలిచాడు. పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు.

"మౌళీ, గురువారం షాట్లలో అది ఎటు నుంచి ఎటు పరుగెత్తాలి? ఎడమ నుంచి కుడికా? కుడి నుంచి ఎడమకా?"

మౌళి ఫోన్ చూసుకుంటున్నాడు.

"నిన్నే అడుగుతున్నాను. ఏ వైపు కట్టాలి?"

"ఆ... అది... డైరెక్టర్‌ని అడగాలి."

"అడుగు."

"ఇప్పుడు లేవడు."

"పది కావస్తోంది. అసిస్టెంట్‌ని అడుగు. పాత షాట్ల ఫొటోలు ఉంటాయి కదా, పంపించమను. బొచ్చు ఎటు దువ్వి ఉందో కూడా చూసుకోవాలి."

"బావా, ఇవన్నీ అయ్యే పనులు కావు! కుక్కకి సవరం కడతావా? నవ్విపోతారు."

"నవ్వనీ. నన్ను చూసి మొన్నే నవ్వారు. స్థలం మిగిలితే చాలు నాకు."

"నేను చంద్రశేఖర్ గారికి మాటిచ్చేశాను!"

"ఏమని?"

మౌళి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఎవడైనా సినిమా బతికే దారి దొరికితే కళ్లకద్దుకుంటాడు" అన్నాడు సుబ్రహ్మణ్యం నెమ్మదిగా. "నువ్వేంట్రా, దారి చూపిస్తుంటే మొహం తిప్పుకుంటున్నావు?"

"మావయ్యకి మన జున్ను అందంగా ఉండటం ఇష్టం లేదు నాన్నా" అంది పూజిత. తమాషాకే అంది.

బాలమణి సంచి మూతి ముడేస్తూ మౌళిని ఎగాదిగా చూసింది. "గదేంది తమ్మీ, గిప్పుడు గిట్ల లొల్లి జేస్తున్నవ్? గొరిగియ్యిమన్నది నువ్వే గదా?"

పుష్పవల్లి చటుక్కున లేచి నిలబడింది. "బాలమణీ!"

"ఏందొదినె? నువ్వే చెప్తివి గదా నిన్న. నేను వద్దన్న. సినిమాల జేసే కుక్కనమ్మా, కంటిన్యూటీ ఉంటది, అడుగుర్రి అన్న. నువ్వు ఫోన్ జేసినవ్. తమ్మి ఏమన్నడు? దాని పనైపోయింది, గొరిగించెయ్ అక్కా, ఏం ఫికర్ లేదు అన్నడు. స్పీకర్ల పెట్టినవ్ గదా, నా చెవులతోని ఇన్న."

వంటింట్లో కుక్కరు కూత వేసింది. ఎవరూ కదల్లేదు. రెండోది వేసింది. మూడోది వేశాక పూజిత వెళ్లి స్టవ్ ఆపి వచ్చింది.

"పుష్పా" అన్నాడు సుబ్రహ్మణ్యం.

ఆమె తల వంచుకుంది.

"వీడు చెప్పాడా?"

"వాడు... ఏదో పరధ్యానంలో అని ఉంటాడు. నేనే సరిగా అడగలేదేమో. మీరు వాణ్ణి కొడతారని..."

"అందుకని నువ్వు మోస్తున్నావా?"

"నా తమ్ముడండీ."

"నేనెవర్ని?"

ఆమె చీర అంచు వేళ్లకు చుట్టుకుంటూ నిలబడింది.

"జోక్ చేశాను బావా!" మౌళి గొంతు లేచింది. "అక్క ఫోన్‌లో ఏడుస్తుంటే, నవ్వించడానికి అన్నాను. నిజంగా గొరిగిస్తుందనుకుంటానా?"

"పని అయిపోయిందన్నావట."

"ఆ రోజుకి అయిపోయిందని!"

"నిన్న దానికి షూటింగే లేదు. రోజంతా ఇక్కడే ఉంది."

మౌళి ఫోన్ మోగింది. మోగిందో, మోగినట్టు చెవి దగ్గర పెట్టుకున్నాడో గానీ, "ఆఁ సార్, ఇక్కడే ఉన్నాను సార్, తెస్తున్నాను సార్" అంటూ బయట మెట్ల మీదికి వెళ్లాడు. వెళ్తూ వెనక్కి తిరిగి, "అక్కా, ట్రంకుపెట్టెలో ఉంటాయి కదా ఒరిజినల్స్. తియ్యి. ఆయన లైన్‌లో ఉన్నాడు. తర్వాత నన్ను కొట్టుకోండి, చంపుకోండి" అన్నాడు.

పుష్పవల్లి భర్త వైపు చూసింది. అతను వద్దనలేదు, సరేననలేదు. ఆమె దాన్ని ఎలా అర్థం చేసుకుందో, కొంగుకు కట్టుకున్న తాళంచెవి విప్పుకుంటూ లోపలి గదిలోకి నడిచింది. కేసన్న మాట ఆమె చెవుల్లో ఇంకా మోగుతోందేమో.

"ఏమన్న తప్పు జెప్పిన్నా అన్నా నేను?" అంది బాలమణి భయంగా.

"లేదమ్మా. నిజం నువ్వొక్కదానివే చెప్పావు."

ఏం చెయ్యాలో తోచక అతను ఇస్త్రీబల్ల దగ్గరికి తిరిగాడు. మౌళి పెట్టిన నీలం ఫైలు ఇంకా వెల్వెట్ మీదే ఉంది. పైన దుప్పటి. కింద కోటు. మధ్యలో ఫైలు. ప్లాస్టిక్ అంచు గుచ్చుకుంటే వెల్వెట్ మీద అచ్చు పడిపోతుంది. బతుకు మునుగుతున్నా కాస్ట్యూమర్ కళ్లు ముందు దాన్నే చూస్తాయి. ఫైలును పైకెత్తాడు. చిటికెన వేలికి గుండీ తగిలి ఊడింది. లోపలి కాగితాలు జారి బల్ల మీద పరుచుకున్నాయి.

పైన ఉన్న కాగితం మీద ఒక వెంట్రుక.

నాలుగంగుళాల పొడుగు. బంగారు రంగు. పిన్నుకు చిక్కుకుని, గుండ్రటి ముద్ర మీదుగా అడ్డంగా పడి ఉంది. ఎక్కడికి వెళ్లినా జున్ను వెంట్రుక మౌళి చొక్కా మీద వెళ్లేది కాబోలు.

నలభై రోజులుగా సుబ్రహ్మణ్యం చెయ్యి అన్నం కంచంలోంచి తీసింది, పెరుగులోంచి తీసింది, నిద్రలో భార్య జుట్టులోంచి కూడా తీసింది. ఇప్పుడూ దానంతటదే ముందుకెళ్లింది. రెండు వేళ్లతో కొస పట్టుకుని, చిరగకుండా, కళ్లు దగ్గరికి పెట్టి మెల్లగా లాగాడు.

వెంట్రుక వచ్చేసింది. దాని కింద ఉన్న తేదీ కనిపించింది.

మే 23.

అతను కోటుకు కట్టిన చీటీ చూశాడు. ఏ బట్ట పని ఏ రోజు మొదలుపెట్టాడో అతను తప్పకుండా రాసే చీటీ. చదువు ఏడుతో ఆగినా తేదీల్లో అతణ్ణి ఎవరూ తప్పు పట్టలేదు. పొద్దున తనే పెన్సిలుతో రాశాడు. జూన్ 3. కుక్కను గొరిగింది నిన్న. జూన్ 2.

మళ్లీ కాగితం చూశాడు. మే 23.

అమ్మినవాడు అన్నచోట తన పేరు. తన తరఫున అన్నచోట మౌళి పేరు, మౌళి సంతకం. కొన్నవాడు అన్నచోట చంద్రశేఖర్ గారి పేరు. మూడుసార్లు చదివాడు. మొదటిసారి అక్షరాలు తెలిశాయి. రెండోసారి మాటలు తెలిశాయి. మూడోసారి చదువుతుంటే, మెట్ల మీద మౌళి ఎవరితోనూ మాట్లాడటం లేదని, ఇంతసేపూ అటువైపు నుంచి మాటే లేదని తెలిసింది.

పదకొండు రోజులు. నిన్నటి దాకా కుక్క బొచ్చుతోనే ఉంది. స్థలం ముందు పోయింది, బొచ్చు తర్వాత పోయింది. మధ్యలో ఒక ఆదివారం అతను షేక్‌పేట వెళ్లి పిచ్చిమొక్కలు పీకి వచ్చాడు. ఎవరి స్థలంలో పీకాడు?

లోపల ట్రంకుపెట్టె మూత కిర్రుమంది. పుష్పవల్లి గుమ్మంలోకి వచ్చింది. పసుపు గుడ్డలో చుట్టిన కాగితాలు రెండు చేతులతో గుండెకు పట్టుకుని ఉంది. సరిగ్గా అప్పుడే ఎదురుగుమ్మంలోకి మౌళి వచ్చి చెయ్యి చాచాడు.

"ఎవరికివ్వమంటారు?" అంది ఆమె.

సుబ్రహ్మణ్యం ఆమె ముఖం చూడలేదు. వెంట్రుక అతని వేళ్ల మధ్యే ఉంది. బనియను తొడుక్కున్న జున్ను వచ్చి అతని కాలికి ఆనుకుంది. పొద్దుటి నుంచి అది ఒకరి దగ్గరికి రావడం ఇదే మొదటిసారి. అతను కాగితం రెండో పేజీ తిప్పాడు. హద్దులు రాసి ఉన్నాయి. తూర్పున ఇరవై అడుగుల సందు. పడమర రాళ్లగుట్ట. ఆ కింద, అంకెల్లో ఒకసారి, ఎక్కడా పొరపాటు రాకుండా అక్షరాల్లో ఇంకోసారి, టైపు చేసి ఉంది.

నూట ముప్పై రెండున్నర చదరపు గజాలు.